డాక్టరు ఫోన్‌లో ఏం వెతుకుతారు?

ఓపీలో రోగి తన బాధ చెప్పుకుంటుంటే డాక్టరు గారు మధ్యలో ఫోన్ తీసి ఏదో టైప్ చేస్తారు. ఒక నిమిషం చూసి, ఫోన్ పక్కన పెట్టి, మందుల చీటీ రాస్తారు. వెంట వచ్చిన బంధువులకు అది నచ్చదు. "గూగుల్ చూసి రాసే మందుకు అంత ఫీజు దేనికి?" అనే మాట బయట వెయిటింగ్ హాల్లో వినబడుతూనే ఉంటుంది. ఆ నిమిషంలో డాక్టరు దేనికోసం వెతుకుతారు, ఎక్కడ వెతుకుతారు అన్నది తెలిస్తే ఈ అనుమానం చాలావరకు తగ్గుతుంది. వెతికే డాక్టరు కంటే, సందేహం వచ్చినా వెతకకుండా రాసేసే డాక్టరు గురించే ఎక్కువ ఆలోచించాలి.

డాక్టర్లకు సందేహాలు రావడం రోజూ జరిగేదే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 47 మంది డాక్టర్లపై చేసిన అధ్యయనం 1985లో వెలువడింది. ప్రతి ముగ్గురు రోగులకు సుమారు రెండు ప్రశ్నలు వాళ్లకు ఎదురయ్యాయి. రోగి ఎదుట ఉండగానే జవాబు దొరికింది 30 శాతానికే. అదీ ఎక్కువగా ఇంకో డాక్టరునో, తోటి సిబ్బందినో అడిగితే దొరికిందే. 1999లో అయోవా రాష్ట్రంలోని 103 మంది ఫ్యామిలీ డాక్టర్లను గమనిస్తే 1,101 ప్రశ్నలు తేలాయి. వాటిలో 64 శాతం ప్రశ్నలకు జవాబు కోసం అప్పటికప్పుడు వెతకనేలేదు. వెతికినవాటికి కూడా సగటున రెండు నిమిషాల లోపే కేటాయించారు.

ఆ తర్వాత ఇంటర్నెట్ అందరి చేతుల్లోకి వచ్చింది. అయినా ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2014లో చేసిన సమీక్షలో, డాక్టర్లు వెతికిన ప్రశ్నలు 51 శాతమే అని తేలింది. వెతికినవాటిలో 78 శాతానికి జవాబు దొరికింది. అంటే దొరకక కాదు, సగం ప్రశ్నలు అడగకుండానే పోతున్నాయి. టైం లేకపోవడం ఒక కారణం. వెతికినా ఏం దొరుకుతుందిలే అనుకోవడం ఇంకో కారణం. రోజుకు వంద మందికి పైగా చూడాల్సిన మన ఓపీల్లో ఆ రెండు నిమిషాలు కూడా ఎక్కడివి?

వెతికే చోట్లు కూడా అన్నీ ఒకటి కాదు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1997 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తున్న పబ్‌మెడ్‌లో కోట్ల సంఖ్యలో పరిశోధనా పత్రాల వివరాలు ఉన్నాయి. థీసిస్ రాసే పీజీకి అది బంగారు గని. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న డాక్టరుకు మాత్రం అది అంతగా పనికిరాదు. ఒక ప్రశ్నకు రెండు వేల పత్రాలు వస్తే వాటిని చదివేదెప్పుడు? ఈ ఇబ్బందిని ముందే పసిగట్టినవారు బోస్టన్‌లోని కిడ్నీ నిపుణుడు బర్టన్ రోజ్. ఆయన 1992లో మొదలుపెట్టిన అప్‌టుడేట్‌లో ఒక్కో సమస్యపై నిపుణులు పరిశోధనలన్నీ చదివి, ఏం చేయాలో తేల్చి రాస్తారు. కొత్త విషయం వస్తే పాతది సవరిస్తారు. ఈ రకం వనరులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. రౌండ్స్‌కు వెళ్లే జూనియర్ డాక్టరు ఫోన్‌లో ఉండేది తరచుగా ఇలాంటిదే.

వనరు ఎంత మంచిదైనా చేతికి అందాలి. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ శాకెట్ బృందం ఒక తోపుడు బండిలో కంప్యూటర్, సీడీలు పెట్టి వార్డు డాక్టర్లకు అందుబాటులో ఉంచింది. బండి ఉన్నప్పుడు జవాబులు సెకన్లలో దొరికేవి. బండి తీసేశాక 41 సార్లు సమాచారం అవసరమైతే ఐదుసార్లే వెతికారు. 1998లో ప్రచురించిన ఈ ఫలితమే ఇప్పటి ఫోన్ అలవాటుకు సమర్థన అనుకోవచ్చు.

ఇంతకీ వెతికేది ఏమిటి? చాలాసార్లు జబ్బు పేరు కాదు, మందు వివరం. కిడ్నీ పనితీరు తగ్గినవారికి డోసు ఎంత, రెండు మందులు కలిస్తే ప్రమాదమా, పాలిచ్చే తల్లికి ఈ మాత్ర ఇవ్వొచ్చా వంటివి. మందు పెట్టెలోని కాగితం పాలిచ్చే తల్లుల విషయంలో తరచుగా "వద్దు" అనో, "డాక్టరును అడగండి" అనో చెప్పి ఊరుకుంటుంది. ఉచితంగా దొరికే లాక్ట్‌మెడ్‌లో చూస్తే ఆ మందు పాలలోకి ఎంత చేరుతుంది, బిడ్డపై ఏ ప్రభావం కనిపించింది, బదులుగా ఏం వాడొచ్చు అనేవి ఉంటాయి. ఆ ఒక్క పేజీ చూడకపోతే తల్లి అనవసరంగా పాలు మాన్పించేయొచ్చు.

చదువుకున్నది మారిపోవడం ఇంకో సంగతి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్‌ను ఒకప్పుడు రక్తంలో క్రియాటినిన్ 1.4, 1.5 చేరితే ఆపేయమనేవారు. 2016లో అమెరికా ఔషధ సంస్థ ఆ లెక్క మార్చి, కిడ్నీ వడపోత రేటు 30 కంటే తగ్గితేనే పూర్తిగా వద్దంది. అంతకు ముందు పాసైన డాక్టరుకు ఇది పుస్తకంలో లేదు.

హైదరాబాద్‌లో రంజాన్ దగ్గరపడితే షుగర్ పేషెంట్లు అడిగేది ఒకటే: "రోజా ఉండొచ్చా?" అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్, డార్ కూటమి కలిసి 2021లో సవరించిన మార్గదర్శకాల్లో దీనికి పాయింట్ల పద్ధతి ఉంది. షుగర్ ఏ రకం, ఎన్నేళ్లుగా ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారా, షుగర్ పడిపోయిన సందర్భాలున్నాయా, కిడ్నీ ఎలా ఉంది అన్నవి కూడితే 3 వరకు తక్కువ ముప్పు, 6 దాటితే ఎక్కువ. "మీ ఇష్టం" అనేదానికన్నా ఇది ఎంతో మేలు.

గూగుల్ సంగతి వేరు. 2006లో ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు 26 కష్టమైన కేసుల లక్షణాలను గూగుల్‌లో వెతికితే 15 కేసుల్లో సరైన జబ్బు దొరికింది. అప్పట్లో ఇది సంచలనమే. కానీ మిగతా 11 మాటేమిటి? ఎంచి కూర్చిన వనరులు ఇచ్చినా పొరపాట్లు తప్పవు. అదే దేశంలో 75 మంది అనుభవజ్ఞులైన డాక్టర్లు, నర్సులకు ప్రశ్నలిచ్చి పరీక్షిస్తే, సరైన జవాబులు వెతకక ముందు 29 శాతం, వెతికాక 50 శాతం. అయితే 7 శాతం సందర్భాల్లో ముందు సరిగ్గా చెప్పినవారే వెతికాక తప్పులోకి వెళ్లారు. ఇప్పుడు ఏఐ చాట్ యాప్‌లు వచ్చాక ఈ ముప్పు రూపు మార్చుకుంది. లేని పరిశోధనను ఉన్నట్టు, తడుముకోకుండా చెప్పగలవవి. మూలం తెరిచి చూడని డాక్టరుకు తేడా తెలియదు.

మూలం అసలుదే అయినా మన నేలకు సరిపోవాలి. పాముకాటునే తీసుకోండి. అమెరికా పేజీల్లో ఉండేది రాటిల్ స్నేక్, దానికి అక్కడి విరుగుడు. మన దగ్గర వాడే ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, దాని జాతిలోనే చిన్నదైన ఇంకో పింజరి విషాలకు తయారుచేసింది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, గడ్డకట్టిందా లేదా చూడటం మన పద్ధతి. పిల్లలకైనా పెద్దలకైనా విరుగుడు డోసు ఒకటే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం ఎక్కించదు. కేంద్ర ఆరోగ్య శాఖ పాముకాటు మార్గదర్శకాలు, ఐసీఎంఆర్ చికిత్సా పటాలు ఇందుకే అవసరం. అవి ఉచితం కూడా.

ఖరీదైనవాటి దగ్గరే తేడా వస్తుంది. 2025 జనవరి నుంచి కేంద్రం అమలుచేస్తున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతున్నాయి. మండల కేంద్రంలో నర్సింగ్ హోం నడిపే డాక్టరుకు ఆ తలుపు తెరుచుకోదు. ఆయనకు మిగిలేవి ఉచిత పేజీలు, తోటి డాక్టర్ల వాట్సాప్ గ్రూపు.

స్క్రీన్ మీద ఎంత మంచి వనరు ఉన్నా, టైప్ చేసిన మందులనే అది సరిచూస్తుంది. బీపీకి మాత్రలు వాడుతున్న మనిషి మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కున్న గోళీ సంగతి చెప్పడు. కొన్ని బీపీ మందులకు ఆ నొప్పి గోళీ తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి. నాటుమందు, యునానీ చూర్ణం సంగతి అసలే చెప్పరు. వాడుతున్నవన్నీ ఖాళీ స్ట్రిప్పులతో సహా ఒక కవర్లో వేసి డాక్టరు టేబుల్ మీద పెడితే, ఆయన వెతికే ఆ నిమిషం రోగికే పనికొస్తుంది.