ముకర్రర్!

1610లో పట్నా దగ్గరి ఊళ్లకు ఫకీరు వేషంలో ఒకడొచ్చాడు. పేరు ఖుతుబ్. తాను షహజాదా ఖుస్రోనని, ఖైదు తప్పించుకుని వచ్చానని నమ్మబలికాడు. అసలు ఖుస్రో 1606లో తండ్రి జహంగీర్ మీద బగావత్ చేసి, ఓడి, ఖైదులో ఉన్నాడు. సబూత్ ఏదంటే ఖుతుబ్ కళ్ల చుట్టూ మచ్చలు చూపించాడు. ఖైదులో తన కళ్లకు గిన్నెలు కట్టారని, ఇవి ఆ గుర్తులేనని చెప్పాడు. జనం యకీన్ చేశారు.

సుబేదార్ అఫ్జల్ ఖాన్ ఊళ్లో లేని సమయం చూసి నకిలీ షహజాదా పట్నా కోటలో దూరాడు. కాపలా అధికారులు పడవెక్కి పారిపోయారు. ఖజానా వాడి చేతికి చిక్కింది. అఫ్జల్ ఖాన్ తిరిగొచ్చి వాణ్ని ఓడించి చంపించాడు. పారిపోయిన అధికారులకు తల, గడ్డం గొరిగించి, ఆడవాళ్ల బట్టలు తొడిగి, గాడిదల మీద ఆగ్రాలో తిప్పించాడు జహంగీర్. ఇదంతా ఆయనే తన తుజుక్‌లో రాసుకున్నాడు.

ఇక 2024 మొదట్లో హాంకాంగ్ పోలీసులు బయటపెట్టిన కేసు చూడండి. డబ్బు పంపమన్న మెయిల్ చూసి ఒక కంపెనీ ఉద్యోగికి షక్ వచ్చింది. వీడియో మీటింగులో పెద్ద సాబ్, తెలిసిన సహోద్యోగులు కనిపించేసరికి ఆ షక్ పోయింది. ఆ ముఖాలన్నీ డీప్‌ఫేక్‌లే. దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పోయాయి.

రెండు చోట్లా సబూత్ తెచ్చింది ధోకాబాజే. అక్కడ మచ్చలు, ఇక్కడ ముఖాలు.

మొగల్ దఫ్తర్‌లో దీనికి ఒక ఇలాజ్ ఉండేది. మన్సబ్, జాగీర్ల మీద బాద్‌షా ఇచ్చిన హుకుంను రాసుకుని, మరోసారి ఆయన ముందే పెట్టి ఖాయం చేయించుకునేవారు. దాని పేరు అర్జె ముకర్రర్. ముషాయిరాలో షేర్ నచ్చితే మనం 'ముకర్రర్' అని అరుస్తామే, అదే మాట. అంటే మళ్లీ ఒకసారి. బాద్‌షాను మళ్లీ అడగడం అక్కడ బేఅదబీ కాదు, కాయిదా.

గల్ఫ్‌లో కొడుకున్న అమ్మీకి "యాక్సిడెంట్ అయింది, జల్దీ పైసలు పంపు" అని అచ్చం వాడి గొంతుతోనే ఫోన్ రావచ్చు. ఫోన్ పెట్టేయండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే చేయండి. ఇంటివాళ్లకే తెలిసిన ఒక గుర్తు మాట ఇవాళే, ఎదురెదురుగా కూర్చుని పెట్టుకోండి. మెసేజ్‌లో మాత్రం రాయకండి. పైసలు పోయాయా? షరమ్ పడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కొడుకు నిజంగానే కష్టంలో ఉంటే, మళ్లీ అడిగారని కోపం తెచ్చుకోడు.