రెండు కాంస్యాలు... ఒక కిరీటం

2004 ఆగస్టు 29. ఏథెన్స్ ఒలింపిక్స్‌కి ఆఖరి రోజు.

రాత్రికి ముగింపు వేడుక. చాలామంది క్రీడాకారుల పోటీలు ఎప్పుడో అయిపోయాయి. గలాట్సి హాల్లో మాత్రం పదిమంది అమ్మాయిలకు అసలు పరీక్ష ఆ రోజే. రిథమిక్ జిమ్నాస్టిక్స్ వ్యక్తిగత ఫైనల్.

పదమూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న కార్పెట్. దానిమీద ఒక్కో విన్యాసానికి దక్కేది మహా అయితే నిమిషంన్నర. అంతలోనే చేతిలోని వస్తువు గాల్లోకి లేవాలి. కింద అమ్మాయి పల్టీ కొట్టి లేచేసరికి అది తిన్నగా వచ్చి చేతిలో వాలాలి. ఇలా నాలుగుసార్లు. ఒకసారి హూప్, ఒకసారి బంతి, ఒకసారి గదల్లాంటి రెండు క్లబ్బులు, ఒకసారి రిబ్బన్.

ఈ నాలుగింట్లో చూడ్డానికి ముచ్చటగా ఉండేదీ, జిమ్నాస్టుల్ని ఏడిపించేదీ రిబ్బనే. చిన్న పుల్లకు కట్టిన ఆరు మీటర్ల శాటిన్ పట్టీ అది. గాల్లో సుడులు తిరుగుతూ, పాములా మెలికలు పోతూ ఉండాలి. చెయ్యి ఒక్క క్షణం మందగిస్తే కొస చచ్చుబడి నేలమీద వాలుతుంది. మణికట్టు కాస్త తొందరపడితే ముడి పడుతుంది. హాల్లో ఏసీ గాలి కూడా పగవాడే. ముడి పడిందా, ఆడుతూనే విప్పుకోవాలి. పాట ఆగదు, గడియారం ఆగదు, మార్కులు కోస్తూనే ఉంటారు.

ఆ రోజు ఆ కార్పెట్ మీద ఉక్రెయిన్ అమ్మాయి ఆన్నా బెస్సొనోవా ఉంది. పొడవాటి కాళ్లు, సన్నటి నడుము. ఇరవై ఏళ్లు నిండి సరిగ్గా నెల. నాలుగు విన్యాసాలూ ముగిశాక బోర్డు మీద పడిన అంకె 106.700. రష్యాకు చెందిన అలీనా కబయేవాకు 108.400తో స్వర్ణం, ఆమె దేశస్థురాలే ఇరీనా చష్చినాకు 107.325తో రజతం. ఆన్నాకు కాంస్యం.

మొదటి ఒలింపిక్స్‌లోనే పతకం. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. కానీ ఆమె అంతకుముందు ఏడాదే బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చుకుని వచ్చింది. ఆమెకూ, ఆమె కోచ్‌లకూ కావాల్సింది మూడో మెట్టు కాదు.

ఆట ఇంటిపేరైన ఇల్లు

1984 జులై 28న లాస్‌ఏంజెలిస్‌లో ఒలింపిక్స్ మొదలయ్యాయి. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌కి ఒలింపిక్స్‌లో చోటు దక్కింది ఆ ఏడాదే. ఆ మర్నాడు, జులై 29న, కీవ్ నగరంలో ఆన్నా పుట్టింది. పుట్టేనాటికి దేశం సోవియట్ యూనియన్. ఆ దేశం ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించి ఇంట్లో కూర్చుంది.

తండ్రి వొలొదిమిర్ బెస్సొనోవ్ పేరు చెబితే కీవ్‌లో తెలియని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు. డైనమో కీవ్ ఆటగాడు. 1977లో ట్యునీసియాలో జరిగిన కుర్రాళ్ల ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడు. సోవియట్ జట్టు తరఫున మూడు ప్రపంచ కప్‌లు ఆడాడు. తల్లి విక్టోరియా సెరీఖ్ రిథమిక్ జిమ్నాస్టిక్స్ గ్రూప్ విభాగంలో ప్రపంచ విజేత.

గాయాలూ, ఆకలి చంపుకోవడాలూ ఎలా ఉంటాయో ఇద్దరికీ అనుభవమే. కూతుర్ని మొదట బాలే నాట్యం వైపు నడిపించారు. కానీ పిల్ల మనసు అమ్మ ఆడిన ఆట మీదికే పోయింది. బాలే మాత్రం వృథా పోలేదు. తర్వాతి రోజుల్లో ఆమె కార్పెట్ మీదికి వస్తే జిమ్నాస్ట్ కన్నా ముందు నర్తకి కనిపించేది. చేతివేళ్ల కొసల దాకా పాట నిండేది.

ఆమె చేరింది దెర్యుగినాల బడిలో. కీవ్‌లో అది ఓ సంస్థానం. పెద్దావిడ అల్బీనా దెర్యుగినా, కూతురు ఇరీనా. అల్బీనా భర్త ఇవాన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మోడరన్ పెంటాథ్లాన్ జట్టు స్వర్ణ విజేత. ఇరీనా 1977, 1979ల్లో ప్రపంచ విజేత. ఆ తల్లీకూతుళ్ల దగ్గర తర్ఫీదైన ఒలెక్సాండ్రా తిమొషెంకో 1992 బార్సిలోనాలో ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. 1996 అట్లాంటాలో ఉక్రెయిన్ స్వతంత్ర దేశంగా తొలి వేసవి ఒలింపిక్స్ ఆడితే, ఈ ఆటలో స్వర్ణం క్రిమియాలోని సింఫెరోపోల్ అమ్మాయి కటెరీనా సెరెబ్రియాన్స్‌కాది, కాంస్యం ఒడెసా అమ్మాయి ఒలెనా విత్రిచెంకోది. కొత్త దేశానికి ప్రపంచ పటం మీద పేరు తెచ్చినవాళ్లలో ఈ అమ్మాయిలదే ముందు వరుస.

అలాంటి బడిలో చేరిన పిల్లకు 'బాగా చేశావు' అనిపించుకోవడం ఒక లెక్క కాదు. గోడల మీదున్న ఫొటోల్లో తనదీ ఒకటి కావాలి.

కాగితం మీద దక్కిన పతకం

ఈ ఆటలో మరో బాధ ఉంది. పరుగు పందెంలో గడియారం తీర్పు చెబుతుంది. పి.టి. ఉష 1984లో కాంస్యం పోగొట్టుకున్నది సెకనులో నూరోవంతు తేడాతో. మనం బాధపడ్డాం గానీ గడియారంతో పేచీ పెట్టుకోలేదు. ఇక్కడ తీర్పు చెప్పేది మనుషులు. 2000లో స్పెయిన్‌లోని సరగోసాలో యూరోపియన్ పోటీలు జరిగితే, విత్రిచెంకోకు మార్కులు వేసిన తీరు మీద పెద్ద గొడవ అయ్యింది. అంతర్జాతీయ సమాఖ్య విచారించి పలువురు జడ్జీల మీద వేటు వేసింది.

మరుసటి ఏడాది మాడ్రిడ్ ప్రపంచ పోటీల్లో ఇంకో మలుపు. కార్పెట్ మీద గెలిచింది కబయేవా. ఆ తర్వాత ఆమె, చష్చినా నిషిద్ధ మందు ఫ్యూరోసెమైడ్ వాడినట్టు తేలింది. వాళ్ల ఫలితాలు రద్దు చేసి, నాలుగు వస్తువుల మార్కులూ కలిపి తేల్చే ఆల్‌రౌండ్ కిరీటాన్ని ఉక్రెయిన్‌కే చెందిన తమారా యెరొఫెయేవాకు ఇచ్చారు. న్యాయంగా దక్కిందే. కానీ స్టేడియంలో జెండా ఎగిరేటప్పుడు దక్కలేదు, కాగితం మీద దక్కింది. పదిహేడేళ్ల ఆన్నా అదంతా దగ్గర్నుంచి చూసింది.

కాబట్టి ఉక్రెయిన్‌కి ఒక లోటు మిగిలిపోయింది. రష్యా అమ్మాయిలు ఎదురుగా ఉండగా, అందరూ చూస్తుండగా వాళ్లని ఓడించాలి. 2003లో ఆన్నా దగ్గరిదాకా వచ్చింది, రజతం. 2004లో ఏథెన్స్, కాంస్యం. 2005లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ప్రపంచ పోటీలు. ఈసారి కబయేవా కాదు, ఓల్గా కప్రనోవా గెలిచింది. ఆన్నాకు మళ్లీ రజతం. రష్యా నుంచి ఒకరు పోతే ఇంకొకరు. ఉక్రెయిన్ నుంచి మాత్రం ప్రతిసారీ ఆమే.

పత్రాస్‌లో ఆ సాయంత్రం

2007 సెప్టెంబరు. మళ్లీ గ్రీస్ దేశమే. ఈసారి ఏథెన్స్ కాదు, సముద్రపు ఒడ్డున ఉన్న పత్రాస్ పట్నం. ఆన్నాకు ఇరవై మూడేళ్లు. ఈ ఆటలో ఆ వయసంటే రిటైర్‌మెంట్ గురించి విలేకరులు అడగడం మొదలుపెట్టే వయసు. ఎదురుగా బాకూ విజేత కప్రనోవా, ఆమెకు తోడు వేరా సెసినా. బంతి స్థానంలో ఆ ఏడాది తాడు వచ్చింది. తాడు, హూప్, క్లబ్బులు, రిబ్బన్.

ఆల్‌రౌండ్ పోటీ దారుణమైనది. ఒక్కో వస్తువుతో విడివిడిగా స్వర్ణం కొట్టొచ్చు. అందులో ఒక మంచి నిమిషం చాలు. ఆల్‌రౌండ్‌లో నాలుగు మంచి నిమిషాలు కావాలి. ఒకదాని మీద పట్టు తప్పితే మిగతా మూడూ కలిసినా దాన్ని లేపలేవు. ఒక విన్యాసం కాగానే దుస్తులు మార్చుకుని, ఊపిరి పట్టుకుని, ఇంకో వస్తువు బరువుకు చేతిని అలవాటు చేసుకుని మళ్లీ వెళ్లాలి. క్లబ్బు ఒక్కోటి నూటయాభై గ్రాములు. రిబ్బన్ ముప్పై అయిదు. నూటయాభైకి అలవాటుపడిన మణికట్టు ముప్పై అయిదుతో మోటుగా కదిలితే చాలు, పుట్టి మునిగినట్టే.

ఆ సాయంత్రం ఆన్నా చెయ్యి మోటుగా కదల్లేదు. చివరి అంకె పడ్డాక సెసినా రెండు, కప్రనోవా మూడు. పైన ఆన్నా బెస్సొనోవా, ఉక్రెయిన్.

ఫైలు మార్చి ఇచ్చిన స్వర్ణం కాదది. ప్రత్యర్థులు పక్క మెట్ల మీద నిలబడి ఉండగా మెడలో పడిన స్వర్ణం. 1979లో తల్లి ప్రపంచ విజేత. 2007లో కూతురు. ఆ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ల లెక్క ఆ పూట సరిపోయింది.

అయిదు వందోవంతులు

ఇక మిగిలింది ఒలింపిక్ స్వర్ణం. 2008 ఆగస్టు 23, బీజింగ్. పారిశ్రామిక విశ్వవిద్యాలయం వ్యాయామశాల. కొద్దిరోజుల ముందు అదే హాల్లో బ్యాడ్మింటన్ జరిగింది. మన హైదరాబాద్‌లో పెరిగిన సైనా నెహ్వాల్ అక్కడే క్వార్టర్‌ఫైనల్ చేరి, చేతికందిన మ్యాచ్ జారిపోతుంటే చూసింది.

బీజింగ్‌లో ఆన్నా ప్రపంచ విజేతగా అడుగుపెట్టింది. ఎదురుగా సైబీరియాలోని ఓమ్స్క్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల యెవ్‌గేనియా కనయేవా. ఆ పిల్ల 75.500తో అందనంత ఎత్తుకు పోయింది. స్వర్ణానికి పేచీ లేదు. రజతానికే పోటీ. బెలారస్ అమ్మాయి ఇన్నా జుకోవాకు 71.925. ఆన్నాకు 71.875.

తేడా 0.050.

అదెంతో చూద్దాం. అప్పట్లో ఒక్కో విన్యాసానికి గరిష్ఠం 20, నాలుగూ కలిపి 80. ఆ ఎనభైలో అయిదు వందోవంతులు. వస్తువు పట్టుకోవడంలో చిన్న తడబాటు కనిపిస్తే ఒక జడ్జి కోసేది 0.10. పైనున్న మార్కునీ కిందున్న మార్కునీ తీసేసి మధ్యలో మిగిలినవాటికి సగటు కడతారు. అంటే ఆ మధ్య ఇద్దరు జడ్జీల్లో ఒకరు తడబాటు చూసి, రెండోవారు చూడకపోతే సగటులో వచ్చే తేడా 0.05. ఒలింపిక్ రజతానికీ కాంస్యానికీ మధ్య ఆ రోజున్నది ఒక మనిషి కనురెప్ప పాటు.

జుకోవా దొంగిలించిందని ఎవరూ అనలేరు. ఆమె ఆడింది, ఆమెకు వచ్చింది. తప్పు ఎవరిదీ కాకుండానే ఒకరికి అన్యాయం జరిగినట్టుండటం, ఈ ఆటలోని అసలు విషాదం.

అక్కడితో ఆపేసినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఆపలేదు. 2009లో జపాన్‌లోని మియేలో ప్రపంచ పోటీలకు వెళ్లింది. వయసు ఇరవై అయిదు. కనయేవా, దార్యా కొందకోవాల వెనక మూడో స్థానం. 2010లో పోటీల నుంచి తప్పుకుంది.

పట్టిక చెప్పని మాట

ఆమె పేరు వెతికితే ఒలింపిక్ పట్టికలో రెండు కాంస్యాలు కనిపిస్తాయి. అంతేనా అనిపిస్తుంది. పట్టికని ఇంకాస్త నిదానంగా చదవాలి.

1984 నుంచి 2024 పారిస్ దాకా ఈ ఆటలో వ్యక్తిగత ఒలింపిక్ పతకాలు రెండేసి గెలిచినవాళ్లు నలుగురే. తిమొషెంకో, కబయేవా, బెస్సొనోవా, కనయేవా. ఆ నలుగురిలో ఇద్దరు కీవ్ దెర్యుగినాల బడి పిల్లలు. ఇక ప్రపంచ పోటీలు. 1999 నుంచి 2021 దాకా ఆల్‌రౌండ్ పోటీ పదిహేనుసార్లు జరిగింది. పద్నాలుగుసార్లు కార్పెట్ మీద మొదట నిలిచింది రష్యా జిమ్నాస్టే. మాడ్రిడ్ ఫలితం తర్వాత రద్దయినా, ఆ రోజు ఆటలో ముందున్నది వాళ్లే. పదిహేనింట్లో మిగిలిన ఆ ఒక్కటి పత్రాస్. ఆ ఒక్కరు బెస్సొనోవా.

ఆమె తర్వాత గన్నా రిజత్‌దినోవా 2013లో సొంత దేశంలోనే, కీవ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో హూప్ స్వర్ణం, 2016 రియోలో ఒలింపిక్ కాంస్యం గెలిచింది. సెరెబ్రియాన్స్‌కాలాగే ఆమె కూడా సింఫెరోపోల్‌లోనే పుట్టింది. 2014 నుంచి ఆ ఊరు రష్యా ఆక్రమణలో ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి దేశమంతా యుద్ధమే. 2023 మార్చిలో, ఆ యుద్ధం నడుస్తుండగానే, అల్బీనా దెర్యుగినా తొంభై ఒకటో ఏట కన్నుమూసింది.

ఈ ఆట మనకి మరీ దూరమేమీ కాదు. హైదరాబాద్ అమ్మాయి గుండ్లపల్లి మేఘనా రెడ్డి 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో భారత్ తరఫున ఇదే ఆట ఆడింది. ఇలాంటి పిల్లలు ఇంటికొస్తే మనం ముందు అడిగేది 'ఎన్నో స్థానం' అని. ఆ ప్రశ్న అడిగే ముందు ఒక్కసారి బెస్సొనోవా లెక్క చూడండి. ఒలింపిక్స్‌లో మూడో స్థానంలో రెండుసార్లు నిలబడ్డ మనిషే, తన కాలమంతటినీ ఏలిన జట్టుని ప్రపంచ ఆల్‌రౌండ్‌లో ఎదురుగా ఓడించగలిగిన ఏకైక మనిషి. పతకం రంగు జడ్జీలు చెబుతారు. ఆటగత్తె స్థాయి ఏమిటో ఆమె ఎవరితో తలపడిందో చూస్తేనే తెలుస్తుంది.