అమ్మేశారా, వెళ్ళిపోయాడా: హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల వాదాల్లో ట్రాన్స్‌ఫర్

ఆటగాడు క్లబ్ మారినప్పుడు అభిమాని నోటి నుంచి ఏ క్రియ వస్తుంది? అమ్మేశారు అంటాడా, వదిలేశారు అంటాడా, వెళ్ళిపోయాడు అంటాడా? వినడానికి చిన్న తేడాయే గానీ, తప్పెవరిదన్న తీర్పు ఆ క్రియలోనే ఉంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ నగరంలో ఉన్నది ఆరేళ్ళు, 2019 నుంచి 2025 దాకా. ఆ ఆరేళ్ళూ దాని అభిమానులు ఎవడి ఆట ఎంత, ఎవణ్ణి ఉంచుకోవాలి, ఎవణ్ణి పోనివ్వాలి అని వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదాలను ఈ క్రియల ఆధారంగా చదవడం ఈ వ్యాసం పని. నేను చెప్పదలచినది ఇది: యూరప్ పెద్ద క్లబ్బుల అభిమాని ట్రాన్స్‌ఫర్ అనగానే ‘ఎవర్ని తెస్తున్నారు’ అని అడుగుతాడు. హైదరాబాద్ అభిమాని ‘ఎవరు పోతున్నారు’ అని అడుగుతాడు. ఈ రెండో ప్రశ్నకు మన నగరంలో డెబ్బై ఏళ్ళ వయసుంది.

ఈ మాటలు నేను విన్నది దూలపల్లి, కొంపల్లి, సుచిత్ర చుట్టుపక్కల. అటవీ అకాడమీ ఉన్న ఊరుగానే దూలపల్లి చాలామందికి తెలుసు. పదేళ్ళుగా ఈ వైపంతా అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటి మధ్య ఖాళీ స్థలాల్లో వలలు కట్టిన టర్ఫ్‌లు వచ్చాయి. ఆదివారం పొద్దున అక్కడ ఆడే కుర్రవాళ్ళ ఒంటి మీద మాంచెస్టర్ చొక్కాలు, బార్సిలోనా చొక్కాలు ఎక్కువ. హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు చొక్కా ఎక్కడో ఒకటి. కారణం ఇష్టం లేకపోవడం మాత్రమే కాదు, దూరం కూడా. క్లబ్ సొంత మైదానం గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంగా ఉండేది. ఇక్కణ్ణుంచి దుండిగల్ వైపు వెళ్ళి అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. రాత్రి ఏడున్నరకు మ్యాచ్ అంటే పని దినాన సగం పూట సెలవు పెట్టాల్సి వచ్చేది. కాబట్టి ఈ శివారు అభిమాని క్లబ్‌ను ఎక్కువగా టీవీలోనే చూశాడు. అతని వాదాలు అంత పదునుగా ఉండడానికి అదీ ఒక కారణమనుకుంటాను. స్టేడియంలో ఉన్నవాడు అరిచి అలిసిపోతాడు. టీవీ ముందున్నవాడికి ప్రతి తప్పూ మూడు కోణాల్లో, మళ్ళీ మళ్ళీ కనబడుతుంది.

ముందు పాత కథ. దూలపల్లికి తూర్పున, అల్వాల్ దాటాక, కంటోన్మెంట్ అంచున అమ్ముగూడ ఉంది. తులసీదాస్ బలరామ్ పుట్టింది అక్కడే. శిక్షణకు నగరంలోకి రావడానికి అతని దగ్గర డబ్బు లేదంటే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సైకిలు అద్దెకు డబ్బిచ్చి పిలిపించుకున్నాడని ఫుట్‌బాల్ లోకం చెప్పుకుంటుంది. రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టుకూ కోచ్ ఆయనే. బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఆడాడు. కానీ 1957 నాటికే అతను కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ ఆటగాడు. తరవాత అక్కడే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు.

మహమ్మద్ హబీబ్‌దీ అదే దారి. 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, ఆ తరవాత మోహన్ బగాన్‌కూ మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ కూడా ఆడాడు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో 2-2తో డ్రా చేసుకున్న మోహన్ బగాన్‌లో అతనున్నాడు. ఏటా ఆటగాళ్ళు క్లబ్బులు మారే రోజులు అప్పట్లో కోల్‌కతాలో పండగలా ఉండేవి. ఈ ఏడు హబీబ్ ఎటు అని ఆ ఊరు ఊపిరి బిగబట్టేది. మూడు క్లబ్బుల అభిమానులూ అతణ్ణి వేర్వేరు ఏళ్ళలో మెచ్చుకున్నారు, తిట్టుకున్నారు. ఇక్కడ మాత్రం అతను ఏ క్లబ్బు మనిషీ కాదు, మన హబీబ్ అంతే. రిటైరయ్యాక ఇంటికొచ్చి, 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పోయాడు. సయ్యద్ నయీముద్దీన్ కూడా ఇక్కణ్ణుంచే కోల్‌కతా వెళ్ళి, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెనయ్యాడు. ఈ తరాల గురించి మాట్లాడే పెద్దవాళ్ళు వాడే క్రియ ఎప్పుడూ ఒకటే: వెళ్ళాడు. అందులో నింద లేదు. పోలీసు కొలువు ఇచ్చేదానికీ కోల్‌కతా ఇచ్చేదానికీ తేడా అందరికీ తెలుసు. పోయినవాణ్ణి పరాయివాడనలేదు, పోనిచ్చినవాళ్ళనూ తప్పు పట్టలేదు. ఆటగాడు ఎవరి ఆస్తీ కాని రోజులవి. అందుకే ‘అమ్మడం’ అన్న మాటే ఈ కథల్లో వినబడదు.

ఆ మాట 2021లో వచ్చింది.

2019 ఆగస్టులో, మూతపడిన పుణే సిటీ క్లబ్ స్థానంలో, హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి అడుగుపెట్టింది. తొలి మ్యాచ్‌లో కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో 0-5. పద్దెనిమిది మ్యాచ్‌లలో రెండే గెలుపులు, చివరి స్థానం. మరుసటి సీజన్‌కు స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. కొవిడ్ కారణంగా లీగ్ మొత్తం గోవాలో, ఖాళీ స్టేడియాల్లో జరిగింది. మార్కెజ్ విదేశీ పేర్ల మీద కాక దేశీయ కుర్రవాళ్ళ మీద నమ్మకం పెట్టాడు: ఎడమవైపు ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా, కుడివైపు సిక్కిం వాడు ఆశీష్ రాయ్, ముందు గోవా వాడు లిస్టన్ కొలాసో. జట్టు ఐదో స్థానానికి ఎక్కింది. ఆ వేసవిలోనే లిస్టన్‌ను ఏటీకే మోహన్ బగాన్ కొనుక్కుంది. ధర దాదాపు కోటి రూపాయలని, భారతీయ ఆటగాడికి అది రికార్డని పత్రికలు రాశాయి. అభిమానులు ‘అమ్మేశారు’ అన్నారు.

ఈ ‘అమ్మేశారు’లో రెండు గొంతులున్నాయి. ఒకటి, చిన్న క్లబ్ బతకాలంటే తయారుచేసిన ఆటగాణ్ణి మంచి ధరకు అమ్మాలి, ఆ డబ్బుతో మరో ఇద్దర్ని పెంచాలి అనేవాళ్ళది. రెండోది, ఇల్లు కట్టేవాడు గోడ లేస్తుండగానే ఇటుకలు అమ్ముకుంటాడా అనేవాళ్ళది. మొదటి పక్షానికి వెంటనే ఊతం దొరికింది. లిస్టన్ పోయిన సీజన్‌లోనే, ముంబై సిటీ నుంచి వచ్చిన నైజీరియా స్ట్రైకర్ బార్తొలోమ్యూ ఓగ్బెచె 18 గోల్స్ కొట్టాడు, జట్టు 38 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం దక్కించుకుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందంజలో ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో 1-1. పెనాల్టీల్లో 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

ఆ పెనాల్టీల దగ్గర కాస్త ఆగాలి. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 2015 ఫైనల్లో, ఇదే ఫతోర్దాలో, ఎఫ్‌సీ గోవా కీపర్‌గా 90వ నిమిషంలో తన వలలోకే బంతిని పోగొట్టుకున్నదీ ఇతనే. ఆనాడు చెన్నైయిన్ 3-2తో కప్పు ఎత్తుకుపోయింది. ఆ ఒక్క నిమిషం ఆరేళ్ళకు పైగా అతని పేరుకు అతుక్కుని ఉంది. ఆటగాడి ఆటను అభిమాని తూచే తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అభిమాని జ్ఞాపకంలో సగటు ఉండదు, ఘటన ఉంటుంది. వంద మ్యాచ్‌ల నిలకడను ఒక పొరపాటు మింగేయగలదు, ఆ పొరపాటును ఒక రాత్రి కడిగేయగలదు. ఓగ్బెచె లేకపోతే కప్పు లేదు అని ఒకడంటే, బంతి అందించిన ఆ ఇద్దరు పక్క డిఫెండర్లు లేకపోతే ఓగ్బెచె ఎక్కడ అని ఇంకొకడంటాడు. నా మొగ్గు రెండోవాడి వైపు. మిశ్రా, రాయ్ ఇద్దరూ అంచుల వెంట అంత పైకి వచ్చి ఆడబట్టే మధ్యలో చోటు తెరుచుకుంది. గోల్ కొట్టినవాడి పేరు పట్టికలో ఉంటుంది, చోటు చేసినవాడి పేరు చూసినవాడి కంట్లో మాత్రమే ఉంటుంది.

ఒక్క లోటు. లీగ్ గోవాలోనే జరగడంతో, హైదరాబాద్ ఎఫ్‌సీ చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఆ జట్టును నగరం రెండు సీజన్లపాటు సొంత మైదానంలో చూడనేలేదు. గచ్చిబౌలికి ఆట తిరిగొచ్చేసరికి ఆశీష్ రాయ్ కూడా మోహన్ బగాన్‌కు పోయాడు. 2022-23లో 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం. సెమీఫైనల్లో రెండు మ్యాచ్‌లూ 0-0 అయ్యాక పెనాల్టీల్లో ఓడించింది కూడా మోహన్ బగానే. రాయ్ అవతలి చొక్కాలో ఉన్నాడు. ‘మనోడు’ అన్న మాట అప్పుడు ఎవరికి చెందుతుంది? నేను గమనించినంత వరకు, తిట్టేటప్పుడు కూడా వాళ్ళు అతణ్ణి మనోడనే అన్నారు. బలరామ్ కాలం నాటి అలవాటు ఇది. హైదరాబాద్ వాళ్ళు కోల్‌కతాకు వెళ్తే మన దగ్గర మనోళ్ళుగానే మిగిలారు. ఇప్పుడు సిక్కిం నుంచి వచ్చి కోల్‌కతాకు వెళ్ళినవాడూ మనోడే. తెలుగు కుర్రవాళ్ళు జట్టులో దాదాపు లేరన్న ఫిర్యాదు న్యాయమైనదే, క్లబ్ దానికి సరైన జవాబు ఎన్నడూ ఇవ్వలేదు. కానీ ‘మన’ అన్న మాటను అభిమానులు పుట్టిన ఊరితో కొలవలేదు.

2023 వేసవిలో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి వెళ్ళారు, ఓగ్బెచె కూడా లేడు. ఓగ్బెచెను ‘వదిలేశారు’, మిశ్రాను ‘అమ్మేశారు’, మార్కెజ్ ‘వెళ్ళిపోయాడు’. ఒకే వేసవికి మూడు క్రియలు. తరవాత వచ్చింది కరువు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం, 2024 జనవరిలో ఆటగాళ్ళు మూకుమ్మడిగా క్లబ్ వీడడం. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒకే గెలుపు, 8 పాయింట్లు. లీగ్‌లో కింది మెట్టుకు దింపే పద్ధతి లేకపోవడం వల్ల క్లబ్ నిలబడింది గానీ, మైదానంలో మిగిలింది చాలావరకు అనుభవం లేని కుర్రవాళ్ళు. ఇక్కడ అభిమానుల భాష నన్ను ఆశ్చర్యపరిచింది. పోయినవాళ్ళను ఎవరూ నిందించలేదు. జీతం రాని ఇంట్లో ఎవడుంటాడు అన్నారు. బ్రెజిల్ వాడు జోవావ్ విక్టర్ గురించి మాత్రం నాలుగో క్రియ వాడారు: ఉండిపోయాడు. ఆ మాటను వాళ్ళు పలికిన తీరులో కప్పు గెలిచిన రాత్రి కంటే ఎక్కువ ప్రేమ ఉంది.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 2024-25లో పదమూడు జట్లలో పన్నెండో స్థానం. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. డెబ్బై ఏళ్ళు ఆటగాళ్ళు పోవడం చూసిన నగరం ఈసారి క్లబ్బే పోవడం చూసింది. ఈ పోవడానికి అభిమానుల దగ్గర సరిపడే క్రియ లేదు. కొందరు అమ్మేశారంటారు, కొందరు ఎత్తుకుపోయారంటారు. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకుని డప్పులతో స్టాండ్‌లో నిలబడినవాళ్ళకు ఈ నష్టం ఏ స్థాయిదో బయటివాళ్ళు ఊహించలేరు. ఒక సంగతి మాత్రం మనం ఒప్పుకోవాలి. 2019లో ఇక్కడ సంబరాలు జరిగినప్పుడు పుణేలో ఒక అభిమానుల గుంపు సరిగ్గా ఇలాగే మిగిలిపోయింది. వాళ్ళను గురించి మనం ఆనాడు ఒక్క మాటైనా అనుకోలేదు.

నగరంలో ఇంకో క్లబ్ ఉంది. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకున్న శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండేళ్ళూ రెండో స్థానంలో నిలిచింది. మొదటివాడికే పైమెట్టు దక్కే పద్ధతిలో ఒకసారి పంజాబ్, ఒకసారి మహమ్మడన్ పైకి వెళ్ళాయి. దూలపల్లి టర్ఫ్ దగ్గర దాని పేరు తెలిసినవాళ్ళున్నారు, దాని ఆటగాళ్ళ గురించి గొంతు చించుకునేవాళ్ళు తక్కువ. వాదించడానికి ముందు పోగొట్టుకున్న అనుభవం కావాలేమో. మ్యాచ్ అయ్యాక చాయ్ దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది పాత పంచాయితీయే. క్లబ్ లేదు. కానీ 2022లో ఆశీష్ రాయ్‌ని పోనివ్వాల్సిందా లేదా అన్నది ఇంకా తెగలేదు.