తాతలు కాచిన విశ్వాసము

ప్రొద్దుగూకి దీపము పెట్టిన తరువాత క్రైస్తవ గృహములలో కుటుంబ ప్రార్థన జరుగుట మన ఊళ్లలో పలువురు ఎరిగినదే. తాత చాపమీద కూర్చుండి గ్రంథము విప్పును. పిల్లలు నిద్రకన్నులతో చుట్టును చేరుదురు. ఆయన చదివిన మాటలలో సగము వారికి అర్థము కాదు. అయినను ఆ కంఠస్వరము చెవిలో నిలిచిపోవును. పెరిగి పెద్దవారై పరాయి ఊళ్లకు పోయినవారు తాము చదివిన పుస్తకములు మరచిపోవుదురు గాని, ఆ స్వరమును మరువరు.

ఇట్టి గృహమునకు అండగా దేవాలయమున్నది, గురువున్నాడు, అచ్చు పుస్తకమున్నది. ఇవి ఏవియు లేక, ఇంటి తండ్రియు తాతయు మాత్రమే మిగిలినచో విశ్వాసము ఎన్నాళ్లు నిలుచును? ఒక తరమా, రెండు తరములా? ఈ ప్రశ్నకు జపాను దేశములోని నాగసాకి ప్రాంతపు పల్లెలు చెప్పిన సమాధానము ప్రపంచ చరిత్రలో మిక్కిలి అరుదైనది.

1549 ఆగస్టు 15వ తేదీన ఫ్రాన్సిస్ జేవియర్ జపానులోని కాగోషిమాలో దిగెను. అంతకు ముందు ఆయన గోవా కేంద్రముగా మన దేశపు తీరప్రాంతములలో పనిచేసినవాడే. ఆయనయు, ఆయన తరువాత వచ్చిన గురువులును చేసిన బోధవలన, అరువది డెబ్బది ఏండ్లలో జపాను క్రైస్తవుల సంఖ్య సుమారు 3 లక్షలకు పెరిగినదని చరిత్రకారుల అంచనా. పాలకులకు అనుమానము పుట్టెను. విదేశ గురువుల వెనుక విదేశ సైన్యములు వచ్చునేమోయని వారు భయపడిరి. 1587లో హిదెయోషి గురువులను దేశము విడిచి పొమ్మని ఆజ్ఞాపించెను. 1597 ఫిబ్రవరి 5వ తేదీన నాగసాకిలోని నిషిజాక కొండమీద 26 మందిని సిలువ వేయించెను. మన పశ్చిమతీరమున వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఆ 26 మందిలో ఒకడు. 1614లో తొకుగావ ప్రభుత్వము క్రైస్తవ మతమును దేశమంతట నిషేధించెను. 1637లో షిమబర రైతులు పన్నుల భారమును, మతపీడనమును సహింపలేక తిరుగబడిరి. మరుసటి ఏట ఆ తిరుగుబాటు రక్తపాతముతో అణచివేయబడెను. 1644లో మాన్షో కొనిషి అను జపాను గురువు ప్రాణములు కోల్పోయెను. దేశములో మిగిలిన కడపటి గురువు ఆయనయే.

అటుపిమ్మట రెండువందల సంవత్సరములకు పైగా ఆ దేశపు క్రైస్తవులకు పూజ చేయుటకుగాని, పాపసంకీర్తనము వినుటకుగాని ఒక్క గురువైనను లేడు. దేవాలయములు కూల్చబడెను. ప్రతి కుటుంబమును ఏదో ఒక బౌద్ధాలయమున తన పేరు వ్రాయించుకొనవలెను. అయిదేసి ఇండ్లను ఒక జట్టుగా కట్టిరి. ఒక ఇంట నేరము బయటపడినచో తక్కిన నాలుగిండ్లును బాధ్యత వహింపవలెను. పట్టి ఇచ్చినవారికి వెండి బహుమానముగా లభించెడిది. నాగసాకి ప్రాంతములో ఏటేట క్రొత్త సంవత్సరపు దినములలో అధికారులు క్రీస్తు రూపమో, మరియమాత రూపమో గల పలకను నేలపై నుంచి, ఇంటిల్లిపాదిచేత దానిని త్రొక్కించెడివారు. చంకబిడ్డలకును మినహాయింపు లేదు. ఈ పరీక్షకు ఫుమియె అని పేరు.

ఆ ఉదయము ఒక ఇంటి యజమాని మనస్సు ఎట్లుండునో ఊహింపుడు. త్రొక్కకున్నచో తనకే కాదు, భార్యకును, బిడ్డలకును, ఇరుగుపొరుగు వారికిని ముప్పు. త్రొక్కినచో తన తండ్రి తనకు అప్పగించిన దానిని తానే కాలరాచినట్లగును. అనేకులు త్రొక్కిరి. త్రొక్కి ఇల్లు చేరి, తలుపు మూసి, పశ్చాత్తాప ప్రార్థన చేసికొనిరి. కొంచిరిసన్ అని వారు పిలిచిన ఆ ప్రార్థన పోర్చుగీసు పదమునుండి వచ్చినది. గురువు దొరకనప్పుడు హృదయపూర్వకమైన పశ్చాత్తాపముతో దేవుని క్షమాపణ పొందవచ్చునని బోధించు చిన్న గ్రంథము నిషేధమునకు ముందే, 1603లో, వెలువడి యుండెను. తరువాతి తరములవారు దానిని రహస్యముగా ప్రతులు వ్రాసికొని కాపాడుకొనిరి. పగలు పలకను త్రొక్కిన తండ్రియే రాత్రి ఇంట మోకరిల్లెను. బిడ్డలు చూచినది ఈ రెండింటిని. వీరులైన తండ్రుల కథలు మనము చాల విందుము. ఇచ్చట మతమును నిలిపినవారిలో పెక్కుమంది ఏటేట ఓడిపోయి, ఏటేట పశ్చాత్తాపపడిన తండ్రులు.

అయితే కన్నీరొక్కటే మతమును రెండువందల ఏండ్లు నిలుపజాలదు. దానికి ఒక కట్టుబాటు కావలెను. నాగసాకి చెంత ఉరకామి అను పల్లె యున్నది. అచ్చటి రైతులు తమలో తాము మూడు పదవులు ఏర్పరచుకొనిరి. మొదటివాడు చోకత, అనగా పంచాంగమును కాపాడు పెద్ద. ఊరంతటికి అతడు ఒక్కడే. రెండవవాడు మిజుకత, అనగా నీటిపెద్ద. పేటకు ఒకడు చొప్పున ఉండి, పుట్టిన బిడ్డలకు జ్ఞానస్నానమిచ్చుట అతని పని. మూడవవాడు కికియాకు, అనగా వినువాడు. పెద్దల మాట విని ఇల్లిల్లు తిరిగి చెప్పి వచ్చెడివాడు. వీరు గురువులు కారు. పగలంతయు పొలములో పనిచేసి వచ్చిన తండ్రులును తాతలును.

ఈ పదవులలో పంచాంగపు పెద్దకే అగ్రస్థానము. ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయు మనకు తిథి తెలియనిదే పండుగ లేదని తెలియును. వారి చేతిలో 1634వ సంవత్సరపు క్రైస్తవ పర్వములను జపాను చాంద్రమానమునకు సరిపెట్టిన పంచాంగ మొకటి యుండెను. దానిని బట్టి ప్రతి ఏటికిని లెక్కకట్టి, క్రీస్తు జయంతి ఏనాడు, తపస్సుకాలము ఎప్పుడు మొదలగును, ఏ దినమున పని మానవలెను అను సంగతులను చోకత నిర్ణయించెడివాడు. పంచాంగము తప్పినచో పండుగ తప్పును. పండుగ తప్పినచో, ఈ దినము మనము ఎందుకు పనికి పోలేదని అడుగు బిడ్డ ఉండడు. ఆ బిడ్డ ప్రశ్నతోనే తాత కథ మొదలగును గదా! ఉరకామిలో ఈ పదవి ఒకే వంశమున తరతరములుగా నడచెను. మొదటి పెద్ద మాగొయెమోను.

ప్రార్థనలను వారు ఒరషో అనిరి. ఇది లాటిను పదమునకు జపాను నోట పుట్టిన రూపము. లాటిను, పోర్చుగీసు, జపాను మాటలు వాటిలో కలగలిసి యుండెను. వ్రాత దొరికినచో ప్రాణాపాయము. కావున చాలవరకు అవి కంఠస్థముగానే నడచెను. కాలము గడచినకొలది కొన్ని మాటలు అరిగిపోయెను, కొన్నింటి అర్థము మరుగుపడెను. అయినను తాత పలికినట్లు మనుమడు పలికెను. బౌద్ధుల కన్నోను దేవతామూర్తి ముందు చేతులు జోడించినచో అధికారికి అనుమానము రాదు. ఒడిలో బిడ్డగల ఆ మూర్తిలో వారు మరియమాతను చూచుకొనిరి.

పదవులు పురుషులవి గనుక కీర్తియంతయు వారికే చెల్లునని చెప్పుట న్యాయము కాదు. తాత నిర్ణయించిన ఉపవాస దినమున వంట చేయునది, మానునది ఇల్లాలే. రహస్యము ఇరుగుపొరుగునకు పొక్కకుండ కాచినదియు ఆమెయే. కాని గురువుల వ్యవస్థ కూలిపోయినప్పుడు ఆ భారమును పేరుపెట్టి తలకెత్తుకొన్నవారు ఇంటి పెద్దలు. పట్టుబడినప్పుడు ముందుగా చెరసాలకు పోయినవారును వారే.

ఏడు తరములు అను మాట మన భాషలో ఎంత బరువైనదో వారికిని అంతే. బస్తియన్ అను ఉపదేశకుడు, ఏడు తరములు గడచిన పిమ్మట పాపసంకీర్తనము వినగల గురువులు పెద్ద ఓడలో వత్తురని చెప్పిపోయెనని ఆ పల్లెలలో ఐతిహ్యము. తండ్రులు ఈ మాటను బిడ్డలకు చెప్పుచు వచ్చిరి. ఉరకామి పంచాంగపు పెద్దలలో ఏడవవాడు కిచిజో. ఆయన 1856లో పట్టుబడి చెరలోనే మరణించెను. ఆయనతో ఆ పదవి అంతరించెను. ఇంకొక తొమ్మిదేండ్లు బ్రతికియున్నచో ఆయన కన్నులార చూచియుండెడివాడు.

విదేశీయులతో ఒడంబడికలు కుదిరిన తరువాత, నాగసాకిలోని ఓవురాలో ఫ్రెంచివారు తమ దేశీయుల కొరకు ఒక దేవాలయము కట్టుకొనిరి. 1865 మార్చి 17వ తేదీన ఉరకామినుండి కొందరు పల్లెవాసులు చూచిపోవుటకు వచ్చినట్లు వచ్చి నిలిచిరి. బెర్నార్ పెతిజాన్ అను గురువు లోపల ప్రార్థించుచుండగా, వారిలో ఒక స్త్రీ దగ్గరకు వచ్చి, తమ హృదయమును ఆయన హృదయమును ఒక్కటేయని మెల్లగా చెప్పి, మరియమాత విగ్రహము ఎచ్చటనని అడిగెను. తరువాతి దినములలో చుట్టుపట్ల పల్లెలనుండి వేలకొలది జనము బయటపడిరి. తాతలు చెప్పిన గుర్తులతో వారు ఆ గురువునే పరీక్షించిరి. రోములోని పెద్దకు విధేయుడా? వివాహము లేనివాడా? అన్నిటికిని సరియైన ఉత్తరము దొరికెను. ఏడు తరములుగా గురువును చూడనివారు, గురువు ఎట్లుండవలెనో మాత్రము మరువలేదు.

నిషేధము మాత్రము ఇంకను తొలగలేదు. 1867లో ఉరకామివారు తమ చనిపోయినవారికి బౌద్ధ కర్మలు వలదని బహిరంగముగా చెప్పగా అరెస్టులు మొదలయ్యెను. సుమారు 3,400 మందిని కుటుంబములతో సహా దేశములోని వేరువేరు చోట్లకు పంపివేసిరి. ఆకలివలనను, చలివలనను, హింసలవలనను 600 మందికి పైగా మరణించిరి. ఆ ప్రవాసమును వారు ప్రయాణము అని మాత్రమే పిలుచుకొనిరి. 1873లో నిషేధపు పలకలు తీసివేయబడగా, మిగిలినవారు పాడుపడిన ఇండ్లకు తిరిగివచ్చిరి.

ఇక్కడ కథ ముగిసినచో మనస్సునకు హాయిగా నుండును. కాని ఒక చిక్కు మిగిలెను. దాగిన క్రైస్తవులందరును కథోలిక సభలో చేరలేదు. ఇకిత్సుకి ద్వీపము మొదలగు చోట్ల అనేక కుటుంబములు, మా తాతలు నేర్పిన తీరే మాకు చాలునని నిలిచిపోయినవి. లోపలిగదిలో దాచిన పటములకే వారు మ్రొక్కిరి. పూర్వము క్రైస్తవులను చంపిన నకాయెనోషిమ దీవినుండి తెచ్చిన నీటితోనే జ్ఞానస్నానమిచ్చిరి. క్రొత్త గురువు చెప్పినదే సరియైనదైనచో, ప్రాణములొడ్డిన తాత చేసినది తప్పా అను ప్రశ్నను వారు దాటలేకపోయిరి. దేవుని కొరకు తాత మాటను పట్టుకొన్నవారికి, కొంత కాలమునకు తాత మాటయే దేవుని మాటతో సమానమైనది. వంశమార్గమున విశ్వాసము నడచునప్పుడు ఉండు బలమును, ఉండు చిక్కును ఇదియే. ఉరకామివారు సరియైనవారు, ఇకిత్సుకివారు కారు అని తీర్పు చెప్పుట సులభము. ఆ తాతలకు మనుమలమై పుట్టినచో మనమేమి చేసెడివారమో చెప్పుట కష్టము.

కిచిజో వంశపు ఇంటిని గూర్చి ఇంకొక మాట. ఆ వంశము వారి ఇంటిపేరు మొరియామ. నాగసాకి వైద్య కళాశాలలో చదువుటకు షిమనేనుండి వచ్చిన తకాషి నగాయ్ అను యువకుడు ఆ ఇంట బసచేసెను. అతడు క్రైస్తవుడు కాడు. ఆత్మ యున్నదను మాటను నమ్మని విద్యార్థి. ఆ ఇంటివారు అతనితో వాదించి గెలువలేదు. వారి నడవడి చూచి, చదివి, ఆలోచించి, అతడు 1934లో జ్ఞానస్నానము పొంది, ఆ ఇంటి కుమార్తె మిదోరిని వివాహమాడెను. 1945 ఆగస్టు 9వ తేదీన అణుబాంబు ఉరకామి దేవాలయమునకు సుమారు అర కిలోమీటరు దూరములో ప్రేలెను. ఆ ప్రాంతమున ఉన్న సుమారు 12,000 మంది కథోలికులలో 8,500 మంది మరణించిరని అంచనా. మిదోరి ఇంటిలోనే బూడిదయ్యెను. ఆమె ఎముకలను ఏరుకొన్న భర్తకు వాటి చెంత జపమాల కనబడెను. కొండపల్లెలో అమ్మమ్మవద్ద నున్న ఇద్దరు పిల్లలు బ్రతికిరి.

నగాయ్ ఎక్స్‌రే వైద్యుడు. ఆ పనివలన రక్తవ్యాధి సోకియున్నదని బాంబు పడుటకు రెండు నెలలు ముందే తెలిసెను. రెండు చాపల వెడల్పుగల చిన్న గుడిసెలో మంచముపట్టి, కుమారుడు మకోతోను, కుమార్తె కయానోను ప్రక్కన నుంచుకొని, ఆయన పుస్తకములు వ్రాసెను. అందొకటి, 1948లో వెలువడినది, తాను విడిచి పోబోవు ఆ పిల్లలను గూర్చినదే. 1951 మే 1వ తేదీన 43వ ఏట కన్నుమూసెను. పంచాంగము చేతబట్టిన తాతకును, కలము చేతబట్టిన ఈ తండ్రికిని మనస్సులో నున్న ఆరాటము ఒక్కటే. తాను పోయిన తరువాత బిడ్డ చేతిలో ఏమి మిగులును?

2018లో యునెస్కో సంస్థ నాగసాకి ప్రాంతపు దాగిన క్రైస్తవుల స్థలములు పండ్రెండింటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. రాళ్లకును, గోడలకును రక్షణ లభించినది. ఇకిత్సుకిలో ఒరషో పలుకగల పెద్దలు మాత్రము కొలదిమందియే. పడుచువారు పనులకై పట్టణములు చేరిరి. నేడు అక్కడ పలక త్రొక్కుమనువారు లేరు, పట్టి ఇచ్చువారు లేరు. అధికారులు రెండువందల ఏండ్లు ప్రయత్నించి ఆపలేని ఆ పలుకు, వినుటకు మనుమడు ప్రక్కన కూర్చుండక ఆగిపోవుచున్నది. మన ఇండ్లలో దీపము పెట్టిన తరువాత చాపమీద కూర్చుండు తాతలును ఈ సంగతి ఎరుగనివారు కారు. అందుకే కాబోలు, పిల్లలు ఆలస్యముగా వచ్చినను, వారు వచ్చువరకు గ్రంథము విప్పరు.