ఒంటిగది, రోజుకూలి: బొంబాయి చాళ్ల ఆరోగ్య చరిత్ర

బొంబాయి నూలు మిల్లుల చరిత్రను పెట్టుబడి వైపు నుంచి, ఎగుమతుల వైపు నుంచి, సమ్మెల వైపు నుంచి చెప్పడం పరిపాటి. ఆ మిల్లుల్లో పనిచేసినవారు రాత్రిపూట ఎక్కడ తల వాల్చారు, ఏ జబ్బుతో ఎక్కడికి పోయి కన్నుమూశారు అన్న వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది. ఈ కథలో తెలుగువారికి మొదటినుంచీ భాగం ఉంది. కావస్జీ దావర్ 1854లో తొలి మిల్లును నెలకొల్పడానికి చాలా ముందే నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి రాళ్లు మోసి, గోడలు కట్టి బతకడానికి వెళ్లిన కామాఠీలు ఆ నగరంలో స్థిరపడ్డారు, కామాఠిపురకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. మగ్గం మీద బతుకు గడవని కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు ఆ తర్వాతి తరాలలో మిల్లుల నేత ఖాతాలకు చేరుకున్నారు.

ఆ కార్మికులు ఉన్న ఇళ్లను చాళ్లు అంటారు. మూడు నాలుగు అంతస్తుల కట్టడంలో ఒకే వసారా వెంట వరుసగా ఒంటిగదులు, అంతస్తుకు ఒకచోట అందరికీ కలిపి కుళాయి, మరుగుదొడ్డి ఉండటం వాటి సాధారణ రూపం. అయితే ఇరుకు ఒక్కటే ఆ ఇళ్ల లోపం కాదు, ఆ గది ఎంతకాలం తమదో అందులో ఉన్నవారికి తెలియకపోవడం అంతకంటె పెద్ద లోపం. మిల్లులో పని ఇచ్చేవాడు యజమాని కాదు, జాబర్ లేదా ముకద్దం అనే మేస్త్రీ. పనికి పెట్టుకున్నందుకు దస్తూరి పేరుతో మామూలు పుచ్చుకునే ఆ మేస్త్రీయే చాలాసార్లు గది చూపించేవాడు, కిరాణా కొట్టులో అప్పుకు పూచీ ఉండేవాడు, చేబదులు కూడా ఇచ్చేవాడు. శాశ్వత కార్మికులు రాని రోజున వారి స్థానంలో తీసుకునేందుకు ప్రతి ఉదయం మిల్లు గేటు దగ్గర నిలబెట్టే బదిలీ కార్మికులకు ఆ రోజు కూలి ఉందో లేదో పొద్దెక్కేదాకా తెలిసేది కాదు. కాబట్టి పది రోజుల జ్వరం పది రోజుల కూలితో పోయేది కాదు. పని పోతే మేస్త్రీ దయ తప్పేది, దయ తప్పితే అప్పు, అప్పుతోపాటు గది కూడా పోయేవి. జ్వరంతోనే మగ్గం ముందు నిలబడ్డవారిని అజ్ఞానులని నిందించిన నాటి అధికారులు ఈ లెక్కను ఎన్నడూ వేసి చూసినట్టు లేదు.

1896 సెప్టెంబరులో మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించిన తర్వాత ప్రభుత్వం గదులకు సున్నం కొట్టించింది, పైకప్పులు విప్పించింది, సామాన్లు తగలబెట్టించింది, రోగులను బలవంతాన ఆసుపత్రులకు తరలించింది. ఆసుపత్రికి పోయినవారు తిరిగి రారన్న భయం ఎంతగా పాకిందంటే, అక్టోబరు 29న సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారు. నగర జనాభాలో దాదాపు సగం ఊళ్లకు తరలిపోగా, కూలీలు దొరకని మిల్లు యజమానులు వీధి మూలల్లో నిలబడి ఒకరి మీద ఒకరు పోటీపడి ఏరోజు కూలి ఆరోజే చెల్లించవలసి వచ్చింది. కార్మికుడి మాటకు బొంబాయిలో మొదటిసారి అంత విలువ రావడానికి మహమ్మారి కావలసి వచ్చిందన్నది గమనించదగ్గ విషయం.

ప్లేగుకు మూలం గాలీ వెలుతురూ లేని ఇళ్లేనన్న నిర్ణయంతో 1898లో బొంబాయి నగర అభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. వెడల్పాటి వీధులు వేయడానికీ, సముద్రపు గాలిని నగరం మధ్యకు రప్పించడానికీ ఆ ట్రస్టు నాగ్‌పాడా వంటి పేటలను కూల్చింది. కూల్చినంత వేగంగా కట్టలేకపోవడంతో, కట్టినచోట అద్దె పాత అద్దెకంటె ఎక్కువ కావడంతో, ఇల్లు పోయినవారు పనికి దగ్గరగా ఉండటం కోసం పక్క పేటలోని అంతకంటె ఇరుకు గదుల్లోకి చేరారు. ఒక వీధిలో తగ్గించిన రద్దీని మరో వీధిలో పెంచిన ఆ పథకాన్ని ఆరోగ్య పథకంగా లెక్కించడం కష్టం.

1918లో వానలు మొహం చాటేసి, ధాన్యం ధరలు పెరిగి ఉన్న సమయంలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. అక్టోబరు 6న ఒక్కరోజే బొంబాయిలో 768 మంది చనిపోయారు. ఆ వ్యాధి అందరినీ సమానంగా తాకిందన్న మాటను నగరపు మరణాల పట్టికే ఖండిస్తుంది: యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది మరణించగా, నిమ్న కులాలుగా నమోదైన హిందువులలో వెయ్యికి 61.6 మంది మరణించారు.

ఇంతకంటె విస్తృతంగా చర్చకు వచ్చిన లెక్క 1921 నాటి శిశుమరణాలది. పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులకు నాలుగు లేదా అంతకుమించి గదులున్న ఇళ్లలో 133 మంది, ఒంటిగది ఇళ్లలో 828 మంది ఏడాది నిండకముందే చనిపోయినట్టు ఆ లెక్క చూపింది. అయితే ఈ రెండో అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవడానికి వీల్లేదు. కార్మిక స్త్రీలలో చాలామంది పురిటికి పుట్టింటికో అత్తవారి ఊరికో పోయి, బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు నగరానికి తిరిగి వచ్చేవారు; బిడ్డ పుట్టుక ఊరి లెక్కలో, బిడ్డ చావు నగరపు లెక్కలో చేరడంతో శిశుమరణాల రేటు నిజానికి మించి కనిపించింది. పెద్దల విషయంలో ఇదే దారి తిరగబడింది. క్షయతో పని చేయలేని స్థితికి వచ్చిన కార్మికుడు అద్దె కట్టలేక ఊరికి పోయి అక్కడ మరణించేవాడు కాబట్టి ఆ చావు బొంబాయి పట్టికలో ఎక్కేదే కాదు. బలం ఉన్నన్నాళ్లూ మనిషిని వాడుకుని, జబ్బు పడ్డాక ఊరికి అప్పగించే నగరానికి తన ఆరోగ్యం నిజానికంటె మెరుగ్గా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పంపిన మనియార్డరుతో బతికిన ఊరే, మనిషి తిరిగి వచ్చాక వైద్యం ఖర్చునూ మోసింది.

కార్మిక స్త్రీల స్థితిని పరిశీలించిన డాక్టర్ బార్న్స్ 1922లో వెలువడిన నివేదికలో ఒక గదిని వర్ణించారు. సుమారు 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న ఆ గదిలో నేల మీద ఆరు పొయ్యిలు, ఆరు కుటుంబాలు, పిల్లలతో కలిపి 30 మంది ఉన్నారు. ఆ ఆరుగురు గృహిణులలో ముగ్గురు నెలలు నిండినవారు. మిల్లులో పనిచేసే తల్లుల బిడ్డలలో 98 శాతం మందికి నల్లమందు పెట్టి పడుకోబెడుతున్నారని కూడా ఆమె తేల్చారు. తల్లి షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా బిడ్డ ఏడవకుండా ఉండటానికి చిన్న గోళీగా అమ్మే ఆ మందు తప్ప, కూలిలో కోత పడని మరో సాధనం ఆ తల్లికి లేదు. 1929లో బొంబాయి ప్రభుత్వం ప్రసూతి భత్యం చట్టం తెచ్చింది. ఆ భత్యం భారాన్ని యజమాని మీద పెట్టడంతో స్త్రీలను పనిలోకి తీసుకోవడమే ఖర్చుగా కనిపించసాగింది, తర్వాతి దశాబ్దాలలో మిల్లుల్లో వారి వాటా తగ్గుతూ వచ్చింది.

కూలి సంగతికి వస్తే, ప్రభుత్వ లేబర్ ఆఫీసు 1923లో ప్రచురించిన కుటుంబ బడ్జెట్ల నివేదిక ప్రకారం కార్మికుడు తినే ధాన్యం కరువు నిబంధనావళి అనుమతించే గరిష్ఠ పరిమాణానికి సరిపోయేది, కాని బొంబాయి జైలు మాన్యువల్ ఖైదీకి నిర్దేశించిన తిండికంటె తక్కువ. రూపాయికి నెలకు అణా, అంటే ఏడాదికి 75 శాతం వడ్డీ అక్కడ మామూలు ధర.

1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ పత్తి బేలుకు రూపాయి చొప్పున సుంకం వేసి 50 వేల గదులు కట్టిస్తానని ప్రకటించగా, చివరికి వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 చాళ్లుగా లేచినవి 16 వేల పైచిలుకు గదులు మాత్రమే. అద్దె ఎక్కువై, పనికి దూరమై చాలా గదులు తొలి ఏళ్లలో ఖాళీగా పడి ఉన్నాయి, మనుషులు మాత్రం ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నారు. తర్వాతి కాలంలో నిండిన ఆ చాళ్లలో వర్లీ తెలుగు కుటుంబాలకు ముఖ్యమైన స్థావరమైంది.

మిల్లు లోపలి గాలికి వేరే చరిత్ర ఉంది. పోగు తెగకుండా నేత షెడ్డులో ఆవిరి వదలడం వల్ల వంటిమీది బట్ట తడిసేది. దూది శుభ్రం చేసే ఖాతాలలో పత్తి ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల ఛాతీ బిగుసుకుపోయి ఆయాసం వచ్చే బిస్సినోసిస్ అనే వ్యాధి పట్టుకునేది. తడిసిన వంటితో, ధూళి నిండిన ఛాతీతో ఇంటికి వచ్చిన మనిషి మరో నలుగురైదుగురితో కలిసి పడుకునే గదిలో దగ్గు ఎవరిదో ఒక్కరిదిగా మిగలదు.

1918లో యుద్ధకాలపు చర్యగా మొదలై 1947 చట్టంతో స్థిరపడిన అద్దె నియంత్రణ ఈ గదుల స్వభావాన్ని మార్చింది. అద్దె పెరగనందువల్ల యజమానులు మరమ్మతులు మానేశారు, చాళ్లు వానాకాలంలో కూలసాగాయి. అయినా కార్మికుడి చేతికి మొదటిసారి మేస్త్రీ లాక్కోలేని గది వచ్చింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది మొదలుపెట్టిన సమ్మె మిల్లుల మూతకు దారితీసినప్పుడు, పని పోయినా నగరంలో నిలబడగలిగినవారికి ఆ పాత గదే ఆధారమైంది. 1948 కార్మిక బీమా చట్టం కింద దక్కిన వైద్యం మాత్రం పనితోపాటే పోయింది.

నేత పని అప్పటికే భివండీ మరమగ్గాలకు, తెలంగాణవారి మాటలో సాంచెలకు తరలుతూ ఉంది. ఒకే కప్పు కింది సాంచెలను నాలుగైదు పేర్లతో విడివిడిగా చూపించి ఫ్యాక్టరీ చట్టాన్నీ బీమానూ తప్పించుకునే పద్ధతి అక్కడ స్థిరపడింది. 12 గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, పగటివారు లేచిన చోటే రాత్రివారు పడుకునే గదులు, చాలాచోట్ల సాంచె పక్కనే పడక: 1922లో బార్న్స్ చూసినవాటిలో పెద్దగా మారింది లేదు. అక్కడినుంచి సిరిసిల్లకు తిరిగి వచ్చినవారు సాంచెల పనితోపాటు షిఫ్టు పద్ధతినీ తెచ్చుకున్నారు, వారి ఇళ్లలోని స్త్రీలు బీడీలు చుట్టి పొగాకు ధూళిని కూడా అదే ఇంటి గాలిలో కలిపారు.