తాకట్టు విడిపించుకునే ఆఖరి రోజు

ఏ దినపత్రిక తిరగేసినా లోపలి పేజీల్లో చీమల బారులాంటి అక్షరాలతో బ్యాంకుల వేలం ప్రకటనలు కనిపిస్తాయి. అప్పు తీసుకున్నవారి పేరు, ఫ్లాటు నంబరు, చదరపు గజాలు, నాలుగు వైపులా హద్దులు, రావలసిన బాకీ, రిజర్వు ధర, ధరావతు, చివర ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అన్న షరతు. కొనేవాళ్లకు అది రాబోయే వేలానికి పిలుపు. ఇంటివాళ్లకు మాత్రం అది అచ్చయిన రోజే తలుపు మూసుకుపోతుంది. ఆ తర్వాత మొత్తం బాకీ తెచ్చి ముందు పెట్టినా ఇల్లు విడిపించుకునే హక్కు వాళ్లకు ఉండదు. గృహరుణాల్లో అన్యాయం అనగానే మనం వడ్డీ రేట్ల గురించి, రికవరీ ఏజెంట్ల దురుసుతనం గురించి మాట్లాడుకుంటాం. అవి చిన్న విషయాలేమీ కావు. కానీ అప్పిచ్చేవాడికీ తీసుకునేవాడికీ మధ్య న్యాయం ఎంతుందో తేల్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: బాకీదారు డబ్బు పట్టుకొచ్చి ‘నా ఇల్లు నాకివ్వండి’ అని అడగగల ఆఖరి రోజు ఏది? ఒక శతాబ్దానికి పైగా మన చట్టం ఆ రోజును దూరం జరుపుతూ వచ్చింది. గత ఇరవై ఏళ్లలో దాన్ని మళ్లీ దగ్గరికి లాక్కొచ్చింది.

ఈ కథ మొదలయ్యేది మన నేల మీదే. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ముద్దతు క్రయం, అవధి క్రయం అనే తాకట్టు పద్ధతులుండేవి. పత్రం తాకట్టులా మొదలై, గడువు దాటిన మర్నాడు అమ్మకంగా మారిపోయేది. వంద రూపాయల అప్పుకు వెయ్యి రూపాయల భూమి పెట్టినా, ఒక్క రోజు ఆలస్యమైతే భూమి షావుకారుదే. బెంగాల్లో 1806 నాటి రెగ్యులేషన్ బాకీదారుకు నోటీసు అందాక ఏడాది వెసులుబాటు ఇచ్చింది. మద్రాసులో అలాంటిదేమీ లేదు. ఇంగ్లండులో ఛాన్సరీ కోర్టు పదిహేడో శతాబ్దంలోనే ఒక సూత్రం స్థిరపరిచింది: తాకట్టు ఎప్పటికీ తాకట్టే, గడువు దాటినంత మాత్రాన అమ్మకం కాదు. 1858 నుంచి మద్రాసు న్యాయస్థానాలు ఆ సూత్రాన్ని ఇక్కడి తాకట్టులకు వర్తింపజేసి, గడువు దాటినా విడిపించుకోనిచ్చాయి. 1870లో పట్టాభిరామయ్యర్ కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టివేసింది. పత్రంలో ఏం రాసుకుంటే అదే చెల్లుతుందన్నది. 1875లో తంబుస్వామి ముదలియార్ కేసులోనూ అదే మాట మీద నిలబడింది. అయితే అప్పటికే ఎందరో మద్రాసు కోర్టుల తీర్పులను నమ్ముకుని తాకట్టులు పెట్టారని గుర్తించి, చట్టసభ కలగజేసుకుంటే మంచిదని సూచించింది.

చట్టసభ కలగజేసుకుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను, అప్పు గడువు తీరాక ఎప్పుడైనా బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు ఇచ్చింది. ఉభయుల చర్యతోనో, కోర్టు డిక్రీతోనో తప్ప ఆ హక్కు పోదు. దానికి అడ్డుపడే షరతులు ఏ పత్రంలో రాసుకున్నా చెల్లవు. 69వ సెక్షను మరో గోడ కట్టింది: కోర్టు గడప తొక్కకుండా ఆస్తిని అమ్ముకునే అధికారాన్ని మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి నగరాల్లోని ఆస్తులకూ, మరికొన్ని ప్రత్యేక సందర్భాలకూ పరిమితం చేసింది. పల్లె రైతు ఇల్లూ పొలమూ వేలం వేయాలంటే న్యాయమూర్తి ముందు లెక్క చెప్పాల్సిందే. 1977లో నరన్‌దాస్ కర్సన్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ బాటనే ఇంకా ముందుకు తీసుకెళ్లింది. వేలంలో పాట ఖాయమైనంత మాత్రాన విడిపించుకునే హక్కు పోదు, అమ్మకపు దస్తావేజు రిజిస్టరయ్యేదాకా అది బతికే ఉంటుందని చెప్పింది. ముద్దతు దాటిన మర్నాడే భూమి పోయిన రోజుల నుంచి ఇక్కడికి రావడానికి నూరేళ్లు పట్టింది.

తిరుగు ప్రయాణం 2002లో సర్ఫేసీ చట్టంతో మొదలైంది. మన మైదవోలు నరసింహం నేతృత్వంలోని రెండు కమిటీలూ, అంధ్యారుజిన కమిటీ చేసిన సిఫారసులు దానికి పునాది. 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత సివిల్ కోర్టు ప్రమేయం లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం బ్యాంకులకు దక్కింది. బాకీదారు ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే బ్యాంకు అడిగిన మొత్తంలో 75 శాతం ముందే కట్టాలన్న నిబంధన కూడా అందులో ఉండేది. డబ్బు లేకనే బాకీ పడ్డ మనిషిని, న్యాయం అడగడానికి ముందు డబ్బు తెమ్మనడం అది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2014లో మాథ్యూ వర్గీస్ కేసులో, అమ్మకం పూర్తయ్యేదాకా విడిపించుకునే హక్కు ఉంటుందని తిరిగి నిలబెట్టింది. 2016లో పార్లమెంటు సర్ఫేసీ చట్టం 13(8) సెక్షను సవరించి, ఆఖరి రోజును అమ్మకం తేదీ నుంచి వేలం ప్రకటన తేదీకి జరిపింది. 2023లో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను అక్షరాలా అమలు చేసింది. అక్కడ వేలం పాట 105 కోట్ల చిల్లర. హైకోర్టు అనుమతితో బాకీదారు కట్టినది 129 కోట్లు. అయినా ఆస్తి పాడుకున్నవారికే దక్కింది.

విడిపించుకోవడానికి అడ్డం పడేవి చట్టంలోని తేదీలే అయితే లెక్క తేలికే. బ్యాంకుల వాడుకలోనూ అలాంటి గడియలు చాలా ఉన్నాయి. అప్పు ముందే తీర్చేస్తామంటే జరిమానా వేసేవారు. చలన వడ్డీ గృహరుణాలపై దాన్ని ఆపడానికి 2012లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఆఖరి ఈఎంఐ కట్టిన తర్వాత కూడా ఒరిజినల్ డాక్యుమెంట్ల కోసం నెలల తరబడి బ్రాంచి చుట్టూ తిప్పించుకునేవారు. 2023లో, 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు బాకీదారుకే చెల్లించాలని చెప్పాల్సి వచ్చింది. ఆలస్యానికి విధించే జరిమానాను వడ్డీలో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ కట్టే పద్ధతికీ అదే ఏడాది అడ్డుకట్ట వేశారు. ఈ ఉత్తర్వులన్నీ మంచివే. కానీ ఒక్కో ఉత్తర్వు వెనుకా అంతదాకా నడిచిన ఒక్కో అలవాటు ఉంది. అప్పు ముందే తీర్చనివ్వకపోవడం, తీర్చాక కాగితం ఇవ్వకపోవడం, బాకీని తీర్చలేనంతగా పెంచడం, ఇవన్నీ 1882 చట్టం వద్దన్న అడ్డంకులకు కొత్త పేర్లు.

దీనికి ఎదురువాదన బలమైనదే. బ్యాంకు ఇచ్చే అప్పు డిపాజిటర్ల సొమ్ము, అందులో పెన్షనర్ల పొదుపూ ఉంది. సివిల్ కోర్టుల్లో తాకట్టు దావాలు ఏళ్లకేళ్లు సాగేవి, కట్టగలిగీ ఎగ్గొట్టినవాళ్లు ఆ ఆలస్యాన్ని వాడుకున్నారు. ఇదంతా నిజం. అందుకే 60 రోజుల నోటీసు మీద, బ్యాంకు సొంతంగా వేలం వేయడం మీద నాకు పేచీ లేదు. కానీ మొత్తం బాకీ, వడ్డీ, ఖర్చులతో సహా బల్లమీద పెట్టిన మనిషిని తిప్పి పంపితే డిపాజిటరుకు ఒరిగేదేమిటి? వసూలే లక్ష్యమైతే ఆ క్షణంలోనే అది నెరవేరింది. ఇక మిగిలేది ఒకే వాదన: చివరి నిమిషంలో బాకీదారును విడిపించుకోనిస్తే వేలంలో పాడుకునేవారికి భరోసా ఉండదు, ధర పలకదు. దీనికి జవాబు మన చట్టంలోనే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 89వ రూలు ప్రకారం కోర్టు వేలం ముగిశాక కూడా 60 రోజుల్లోపు బాకీదారు సొమ్ము కట్టి అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. పాడుకున్న మనిషికి పాట ధరలో 5 శాతం పరిహారం ఇస్తే చాలు. అయినా కోర్టు వేలాలు ఆగిపోలేదు.

అదే న్యాయాన్ని సర్ఫేసీ చట్టంలోకి తీసుకురావడం పెద్ద పని కాదు. కంపెనీల షెడ్లకూ కోట్ల రూపాయల వ్యాపార ఆస్తులకూ ఏ గడువైనా పెట్టుకోండి. మనుషులు కాపురముంటున్న ఇంటికి మాత్రం, పాడుకున్నవారికి పరిహారంతో సహా బాకీ అంతా కట్టి, అమ్మకం పూర్తయ్యేదాకా విడిపించుకునే హక్కు తిరిగి ఇవ్వాలి. ముద్దతు క్రయం అన్యాయమని 1858లోనే మద్రాసు న్యాయమూర్తులకు తోచింది. షావుకారు చిట్టా బదులు పత్రికలో వేలం ప్రకటన వచ్చినంత మాత్రాన ఆ అన్యాయం న్యాయమైపోదు.