యుద్ధం నుంచి తిరిగొచ్చాక: ఆదివాసీ సైనికుడి బతుకుతెరువు

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న 1917లో ఛోటానాగ్‌పూర్ ముండా, ఉరావ్, హో, సంతాల్ యువకులు, ఈశాన్య కొండల నాగా, లుషాయి, ఖాసీ యువకులు లేబర్ కోర్‌లో ఫ్రాన్స్ వెళ్లారు. అక్కడ రోడ్లు వేశారు, కలప కొట్టారు. నాగా కూలీలకు సర్కారు చేసిన ముఖ్య వాగ్దానం జీవితాంతం ఇంటిపన్ను మినహాయింపు. మాజీ సైనికుల బాగోగులకు 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం అదే.

గుమ్లా ప్రాంతపు ఉరావ్ బిడ్డ లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా 1971 డిసెంబరు 3న గంగాసాగర్ పోరులో అమరుడై పరమవీర చక్ర పొందాడు. వెనుక భార్య, పసివాడు మిగిలారు. పతకం గౌరవం నిలుపుతుంది. ఇల్లు నిలవాలంటే మాత్రం కొలువు కావాలి.

జవాన్లు చాలామంది నలభై నిండకముందే యూనిఫాం విప్పుతారు. అప్పటికి పిల్లలింకా బడిలోనే ఉంటారు. అందుకే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో మాజీ సైనికులకు గ్రూప్-సి కొలువుల్లో 14.5 శాతం, గ్రూప్-డిలో 24.5 శాతం రిజర్వేషన్ పెట్టారు. ఇందులో 4.5 శాతం వికలాంగ మాజీ సైనికులకు, అమరుల కుటుంబాలకు. ఎంపికైన గిరిజన మాజీ సైనికుణ్ణి ఎస్టీ కోటాలోనే లెక్కిస్తారు.

ఈ హక్కు గూడేనికి, తండాకు తెలియాలి. ఊరికి తిరిగొచ్చిన జవానును డిశ్చార్జి పుస్తకంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లి పేరు నమోదు చేయించడం మన సంఘాలు చేయదగిన పని. అమరుల ఇళ్లకూ ఆ తోడు అందాలి.